ముందు పేరు పెట్టండి, పొరుగు సంగతి తర్వాత

ప్రాంతీయ సహకార సంస్థ పెట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. నోరు తిరగని పేరొకటి, గుండ్రటి బల్ల ఒకటి, వెనక వరసగా జెండాలు, మాటామంతీ లేని పొరుగుదేశం ఒకటి ఉంటే చాలు. బల్లా జెండాలూ అద్దెకు దొరుకుతాయి. మాటల్లేని పొరుగుదేశం మాత్రం సొంతానిదై ఉండాలి. దక్షిణాసియా చేసుకున్న పుణ్యమేమో గానీ, ఇక్కడ ఆ సరుక్కి ఏనాడూ కరువు రాలేదు.

ఈ మధ్య గిరాకీ మళ్ళీ పుంజుకుంది. 2025 జూన్ 19న చైనాలోని కున్మింగ్‌లో చైనా, పాకిస్తాన్, బంగ్లాదేశ్ విదేశాంగ అధికారులు కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ నెలాఖరుకల్లా పాకిస్తాన్ పత్రికలో కబురు వచ్చేసింది: మూలనపడ్డ దక్షిణాసియా ప్రాంతీయ సహకార సంఘం, అదే సార్క్, స్థానంలో కొత్త కూటమి రాబోతోందని. మేం ఏ కూటమీ కట్టడం లేదు మహాప్రభో అని ఢాకా అప్పటికే చెప్పేసింది. తాను సభ్యుణ్ణన్న సంగతి సభ్యదేశమే ఒప్పుకోకపోవడం ఏ సంస్థకైనా శుభారంభం. సార్క్ ఆ దశకు చేరుకోవడానికి 30 ఏళ్ళు పట్టింది. వీళ్ళు వారం రోజుల్లో చేరారు.

కాబట్టి ఈ వ్యాపారంలోకి దిగదలచిన దేశాలకు, పక్కవాళ్ళ అనుభవం చూసిన మనిషిగా నాలుగు సలహాలు ఇద్దామనుకుంటున్నాను. ఫీజు సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

పేరుతో మొదలుపెట్టండి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన ఊళ్ళలో ఎగతాళి చేస్తారు గానీ, విదేశాంగ శాఖల్లో అదే పద్ధతి, అదే మర్యాద. బిమ్‌స్టెక్ పుట్టుక చూడండి. 1997 జూన్ 6న బ్యాంకాక్‌లో బంగ్లాదేశ్, ఇండియా, శ్రీలంక, థాయ్‌లాండ్ కలిసి తమ పేర్ల మొదటి అక్షరాలు కూర్చి ఒక సంస్థ పెట్టుకున్నాయి. ఏడాది తిరక్కుండానే మయన్మార్ వచ్చింది, మధ్యలో ఓ మకారం ఇరికించారు. 2004లో నేపాల్, భూటాన్ వచ్చాయి. ఇక అక్షరాలు ఎక్కడ పెట్టాలో తోచక, ఉన్న అక్షరాలను ఉన్నట్టే ఉంచి అర్థం మార్చేశారు. ఆ రోజు నుంచి అది బంగాళాఖాతం పేరిట నడుస్తున్న బహుళ రంగాల సాంకేతిక, ఆర్థిక సహకార యత్నం. సముద్రం ముఖమెరగని రెండు హిమాలయ దేశాలు ఒక్క సంతకంతో తీరప్రాంతాలైపోయాయి. బిడ్డకు ఇల్లు, అంటే ఢాకాలో సచివాలయం, 17 ఏళ్ళకు దొరికింది. నియమావళి మీద 2022లో సంతకాలు పడ్డాయి, 2024 మేలో అది అమల్లోకి వచ్చింది. 27 ఏళ్ళపాటు నియమావళి లేకుండానే ఇన్ని దేశాలు ఇంత నియమబద్ధంగా ఏమీ చేయకుండా ఉండగలిగాయంటే, ఆ క్రమశిక్షణను మెచ్చుకోవాల్సిందే. స్వేచ్ఛా వాణిజ్యానికి చట్రం లాంటి ఒప్పందం 2004లోనే కుదిరింది. చట్రం ఇంకా చట్రంగానే క్షేమంగా ఉంది.

రెండో సలహా అసలైనది. కూటమిలో ఎవరుండాలో తర్వాత చూసుకోవచ్చు, ఎవరుండకూడదో ముందు తేల్చుకోండి. సార్క్ ఈ జాగ్రత్త తీసుకోలేదు. 1980లో బంగ్లాదేశ్ అధ్యక్షుడు జియావుర్ రహ్మాన్ ఆ ఆలోచన తెచ్చినప్పుడు ఢిల్లీకి ఒక అనుమానం కలిగింది: చిన్న దేశాలన్నీ ఒక్కటై మన మీదికి వస్తాయేమోనని. ఇస్లామాబాద్‌కు ఇంకో అనుమానం: ఇండియా తన పెత్తనానికీ తన సరుకుకూ దొడ్డిదారి వేయించుకుంటోందేమోనని. ఇంతకన్నా సమానమైన భాగస్వామ్యం ఎక్కడ దొరుకుతుంది? జియావుర్ రహ్మాన్ 1981లో హత్యకు గురయ్యాడు. ఆయన కల 1985 డిసెంబర్ 8న ఆయన రాజధానిలోనే నెరవేరింది. ఏడు దేశాలు. 2007లో ఎనిమిదోదిగా అఫ్గానిస్తాన్. ఏటా ఒకసారి దేశాధినేతలు కలవాలని నియమావళి. ఆఖరుసారి కలిసింది 2014 నవంబరులో, ఖాట్మండులో. 2016లో ఇస్లామాబాద్ శిఖరాగ్రం జరగాల్సి ఉండగా కశ్మీర్‌లోని ఉరీలో మన సైనిక శిబిరం మీద దాడి జరిగింది. మేం రామని ఇండియా చెప్పింది, మరికొన్ని దేశాలు అదే మాటన్నాయి. అంతే, అప్పట్నుంచి పందొమ్మిదో శిఖరాగ్రం రేపో మాపో అన్నట్టే ఉంది.

ఉరీ గాయం నిజమే. ఉగ్రవాదాన్ని పోషించే పొరుగువాడితో ఒకే బల్ల దగ్గర చిరునవ్వు చిందించమనడం అన్యాయమే. నేను అడుగుతున్నది వేరు. ఒకరితో పేచీ వస్తే మిగతా ఆరుగురితో పనులు చకచకా సాగాలి కదా, మరి అవెక్కడ? పనుల బదులు మనం అతిథుల జాబితా మార్చుకున్నాం. 2014 ప్రమాణ స్వీకారానికి సార్క్ నేతలు వచ్చారు, 2019లో బిమ్‌స్టెక్ నేతలు వచ్చారు. ఇప్పుడు కున్మింగ్ వాళ్ళు చేస్తున్నదీ మన దగ్గర నేర్చుకున్నదే. పాకిస్తాన్ లేని సంస్థ మనకుంది, ఇండియా లేని సంస్థ వాళ్ళకు కావాలి. కొన్నాళ్ళకు శ్రీలంక కూడా ఎవరూ లేని సంస్థ ఒకటి పెట్టుకోవచ్చు. సమావేశాలు సకాలంలో జరిగేది దాంట్లోనే.

నియమావళి రాసేటప్పుడు సార్క్ పదో అధికరణాన్ని ఉన్నదున్నట్టు దించుకోండి, అంత పదునైన సాధనం మళ్ళీ దొరకదు. అన్ని నిర్ణయాలూ ఏకగ్రీవంగా ఉండాలి. ఇద్దరి మధ్య గొడవలూ వివాదాలూ చర్చకు రాకూడదు. అంటే ఇంట్లో నిప్పంటుకుంటే ఆ ఒక్క విషయం తప్ప అన్నీ మాట్లాడుకోవచ్చు. ఇది అలంకారానికి అన్నమాట కాదు. 2015లో నేపాల్ సరిహద్దు దగ్గర ఇంధన ట్యాంకర్లు ఆగిపోయాయి. ఇండియా దిగ్బంధం చేసిందని నేపాల్ అంది, మీ దేశంలోని మధేశీ ప్రజల ఆందోళనల వల్లేనని ఇండియా అంది. ఎవరి మాట ఎలా ఉన్నా ఖాట్మండు జనం గ్యాస్ లేక కట్టెలపొయ్యి రాజేశారు. సార్క్ ప్రధాన కార్యాలయం ఉన్నది అదే ఊళ్ళో. అది ద్వైపాక్షిక విషయం కాబట్టి, పాపం, పొగ కళ్ళలోకి వచ్చినా పట్టించుకునే అధికారం వాళ్ళకు లేదు.

ఏకగ్రీవం మహిమ కూడా ఖాట్మండులోనే తెలిసింది. 2014లో ఒక దేశపు బండి ఇంకో దేశంలోకి వెళ్ళేందుకు మోటారు వాహనాల ఒప్పందం సిద్ధం చేశారు. ఇంకా మా ఇంటి పనులు పూర్తి కాలేదని పాకిస్తాన్ ఆపేసింది. సరే, పాకిస్తాన్ లేకుండా చేద్దామని 2015 జూన్‌లో బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ థింఫులో అదే ఒప్పందం చేసుకున్నాయి. ఈసారి భూటాన్ ఎగువసభ ఒప్పుకోలేదు. పెద్ద పెద్ద లారీలు వస్తే మా కొండలేం కావాలని వాళ్ళ బెంగ. చిన్న దేశం కాబట్టి నిజం చెప్పింది.

లారీల మాట వచ్చింది కాబట్టి పెట్రాపోల్ వెళ్దాం. బంగ్లాదేశ్‌తో మన భూమార్గ వ్యాపారంలో సింహభాగం జరిగే సరిహద్దు గేటు అది. మన లారీలో వెళ్ళిన సరుకు అక్కడ దింపి, అవతలి లారీలోకి ఎక్కించాలి. ఆ గేటు దాటడానికి 138 గంటలు పడుతోందని ప్రపంచ బ్యాంకు 2021లో లెక్కకట్టింది. అందులో 28 గంటలు దించి ఎక్కించడానికే. దక్షిణాసియా దేశాల మొత్తం వ్యాపారంలో తమలో తాము చేసుకునేది 5 శాతం దగ్గర ఆగిపోయిందంటే ఆశ్చర్యం దేనికి? ఆగ్నేయాసియా వాళ్ళు నాలుగో వంతు దాకా తమలో తాము చేసుకుంటారు. వాళ్ళ సంస్థ పేరు మన సంస్థలంత గంభీరంగా కూడా ఉండదు.

ఇంతకన్నా అందమైన ముచ్చట 2025 ఏప్రిల్‌లో జరిగింది. 4వ తేదీన బ్యాంకాక్‌లో బిమ్‌స్టెక్ ఆరో శిఖరాగ్రం. 28 ఏళ్ళలో ఆరోది, తొందరేముంది. సముద్ర రవాణా ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. అధ్యక్ష పదవి బంగ్లాదేశ్ చేతికి వచ్చింది. మోదీ, అప్పటి బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వాధినేత యూనుస్ పక్కగదిలో విడిగా కలుసుకున్నారు. ఫొటోలు బాగా వచ్చాయి. నాలుగు రోజులు గడిచాయి. 8వ తేదీన, బంగ్లాదేశ్ సరుకు మన ఓడరేవులూ విమానాశ్రయాల మీదుగా మూడో దేశానికి వెళ్ళే సౌకర్యాన్ని ఇండియా రద్దు చేసింది. వారం తిరిగేలోపు భూమార్గంలో మన నూలు రావడానికి వీల్లేదని బంగ్లాదేశ్ అంది. మే నెలలో, భూమార్గంలో మీ రెడీమేడ్ దుస్తులు రావడానికి వీల్లేదని మనం అన్నాం. సహకార సంస్థకు కొత్త అధ్యక్షుడు, ఆ సంస్థలో అతి పెద్ద సభ్యుడు కలిసి నూలుకూ చొక్కాకూ మధ్య గోడ కట్టిన వేగం చూస్తే ముచ్చటేస్తుంది. పెట్రాపోల్‌లో లారీకి ఆ వేగం ఏనాడూ రాలేదు.

శిఖరాగ్రానికి వేదిక ఎంచుకోవడంలోనూ కళ ఉంది. బిమ్‌స్టెక్ నియమావళి మీద సంతకాలు జరిగింది 2022 మార్చి 30న, కొలంబో ఆతిథ్యంలో. కొలంబోలో అప్పుడు కరెంటు రోజుకు 10 గంటలు ఉండదు, డీజిల్ దొరకదు, మందులు దొరకవు. ఇంధన సహకారం గురించి మాట్లాడుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు. మర్నాటి రాత్రి జనం అధ్యక్షుడి ఇంటి ముందు పోగయ్యారు. ఆతిథ్యమిచ్చిన అధ్యక్షుడే జూలైలో దేశం విడిచి పారిపోయాడు. అన్నట్టు, ఆ జనవరిలో శ్రీలంకకు మన రిజర్వు బ్యాంకు 40 కోట్ల డాలర్లు సర్దింది సార్క్ పేరిట ఉన్న మారకపు ఏర్పాటు కిందే. చచ్చిందనుకున్న సంస్థ అలా అప్పుడప్పుడూ పొరపాటున ఓ మంచి పని చేస్తుంది, అది పైకి చెప్పుకోవడానికి సభ్యులకే మొహమాటం.

పనులు జరగకపోతే కేంద్రాలు పెట్టండి. సార్క్‌కు అడవుల కేంద్రం థింఫులో, తీరప్రాంత కేంద్రం మాలేలో, వాతావరణ కేంద్రం ఢాకాలో, విపత్తుల కేంద్రం ఢిల్లీలో ఉండేవి. ఒక్కో దేశానికి ఒక్కో బోర్డు, ఎవరి మనసూ నొచ్చుకోకుండా. చివరికి అడవినీ సముద్రాన్నీ గాలినీ ఉపద్రవాన్నీ ఒకే కార్యాలయంలో కలిపేయాలని నిర్ణయించారు. తుపానుకు పాస్‌పోర్టు లేదు కాబట్టి అది మాత్రం ఈ నాలుగు శాఖల అనుమతీ లేకుండా ఒకేసారి వస్తూంటుంది.

మన శ్రీహరికోటకూ ఈ కథలో వాటా ఉంది. 2014లో సార్క్ దేశాలన్నిటికీ ఉపగ్రహం ఇస్తానని మోదీ అన్నారు. పాకిస్తాన్ నాకొద్దంది. పేరులో సార్క్ తీసేసి దక్షిణాసియా ఉపగ్రహం అన్నారు, 2017 మే 5న శ్రీహరికోట నుంచి అది పైకి వెళ్ళింది. ఇరుగుపొరుగులను కలపడానికి భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళవలసి వచ్చింది. అక్కడైతే చెక్‌పోస్టులు లేవు.

ఇన్ని సంస్థలుండగా ఏ సంస్థా లేకుండా నడిచే పని ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుర్రాళ్ళు. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా గేటు దాటి వచ్చారు. వాళ్ళ మీద 'తండేల్' సినిమా వచ్చింది. నియమావళుల మీద ఎవరూ సినిమా తీయలేదు, తీస్తే విరామం నుంచి మొదలుపెట్టాలి. ఆ 14 నెలల్లో ఇళ్ళలో ఆడవాళ్ళు ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ఖాట్మండులోని సార్క్ సచివాలయం మెట్లు మాత్రం వాళ్ళెవరూ ఎక్కలేదు, ఎక్కమని ఎవరూ చెప్పనూ లేదు. రెండు దేశాల మధ్య 2008 నాటి ఒప్పందం ఒకటుంది. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న, ఎవరి జైళ్ళలో ఎవరి ఖైదీలూ మత్స్యకారులూ ఉన్నారో జాబితాలు మార్చుకుంటారు. 2025 మేలో క్షిపణులు విసురుకున్న ఆ రెండు దేశాలే జూలై 1న మళ్ళీ ఆ కాగితాలు ఇచ్చిపుచ్చుకున్నాయి. ఆ పనికి శిఖరాగ్రం లేదు, చిహ్నం లేదు, బృంద ఛాయాచిత్రం లేదు. ఇద్దరు గుమాస్తాలు, రెండు కవర్లు.

కొత్త కూటమి వాళ్ళు ఈ గుమాస్తాల జోలికి వెళ్ళకండి. వాళ్ళ పద్ధతి అలవాటైతే సంస్థ అక్కర్లేదన్న దుర్బుద్ధి పుట్టొచ్చు.

ఇక నా ఫీజు. కున్మింగ్ నుంచైతే చిక్కు లేదు, చైనా వాళ్ళ సరుకు మనింటికి దారి వెతుక్కుంటూ వచ్చేస్తుంది. ఢాకా వాటా భూమార్గంలో మాత్రం పంపకండి, నూలుకూ చొక్కాకూ పట్టిన గతే దానికీ పట్టొచ్చు. కరాచీ వాటా మామూలుగా అన్నీ వచ్చే దారిలోనే, దుబాయ్ మీదుగా తిప్పి పంపండి. రశీదు మీద ఏ కూటమి పేరు రాయాలో మీలో మీరు ఏకగ్రీవంగా తేల్చుకుని చెప్పండి, అప్పుడు రాసిస్తాను.