సొంత చానల్ పెట్టబోయే జర్నలిజం విద్యార్థికి ఆరు సలహాలు

కోర్సు పూర్తి కావచ్చింది. ఉద్యోగం కన్నా సొంత చానలే నయమనిపిస్తోందా? శుభం. ఏడాది తిరక్కుండా దుకాణం కట్టేయాలంటే ఈ పద్ధతులు పాటించండి.

1. డబ్బు మాట ఎత్తకండి. అది మార్కెటింగ్ వాళ్ల గొడవ. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుకి అప్పటికే అమృతాంజనం వ్యాపారం ఉంది. 1974లో విశాఖలో ఈనాడు పెట్టిన రామోజీరావుకి మార్గదర్శి చిట్‌ఫండ్ ఉంది. వీళ్ల గురించి పరీక్షలో పది మార్కులకు రాయండి, చాలు. పంతులుగారు తలనొప్పి మందు అమ్మి పత్రిక నడిపారు. మీరు నేరుగా తలనొప్పితోనే మొదలుపెట్టండి.

2. ముందు లోగో, మైకు గొట్టం, బండికి ప్రెస్ స్టిక్కరు. పేరులో 24 గానీ 9 గానీ తప్పనిసరి. ఎవరు చూస్తారన్నది తీరిగ్గా ఆలోచించొచ్చు.

3. మీ ఊరి జోలికి పోకండి. గుంటూరు యార్డులో ఇవాళ మిర్చి ఎంత పలికింది, రేపు కరెంటు ఎప్పుడు పోతుంది లాంటివి రోజూ చెబితే, నెలకింత అని ఇచ్చి చూసేవాళ్లు తయారయ్యే ప్రమాదముంది. పశ్చిమాసియా యుద్ధాన్ని హాస్టల్ గదిలోంచి విశ్లేషించండి. పోటీకి ఎలాగూ వేలమంది ఉన్నారు.

4. భారమంతా యూట్యూబ్ మీద వేయండి. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటే ప్రకటనల్లో వాటాకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ వాటాతో కెమెరామన్ జీతం వస్తుందా అని లెక్కేసేవాడు జర్నలిస్టు కాదు, గుమాస్తా.

5. నలుగురు స్నేహితులు కలిసి పెట్టండి. నలుగురూ ఎడిటర్లే. స్నేహితుల మధ్య వాటాల కాగితాలేమిటి, అసహ్యంగా! 2021 ఐటీ నిబంధనలు ఫిర్యాదుల అధికారిని పెట్టుకోమంటాయి, 15 రోజుల్లో సంగతి తేల్చమంటాయి. ఫిర్యాదు వచ్చిన రోజున ఆ నలుగురిలో ఫోన్ ఎత్తినవాడే ఆ అధికారి.

6. అద్దె కట్టాల్సిన రోజు వస్తుంది. అప్పుడు ఎమ్మెల్యేగారి పుట్టినరోజు శుభాకాంక్షల ప్రకటన తెచ్చుకోండి. ఆయన బావమరిది ఇసుక లారీలు ఆ నెలంతా మీ కంటపడవు. దీన్ని వ్యాపారమనకండి, సత్సంబంధాలు అనాలి.

మూతపడే రోజున చివరి వీడియో ఒకటి చేయండి: ‘విలువలకు ఇది కాలం కాదు.’ జమాఖర్చుల పుస్తకం చూపించమని ఎవరూ అడగరు. అడిగినా, అసలు రాస్తే కదా!