గోడ లేవకముందే కోర్టుకెక్కేవాళ్లం

మా రోజుల్లో చెరువు కేసు వస్తే ముందు చెరువు గట్టెక్కేవాళ్లం. ఇప్పటి కుర్ర లాయర్లు ముందు ల్యాప్‌టాప్ తెరుస్తున్నారు. మా వృత్తికి పట్టిన చీడ అక్కడే మొదలైంది.

మూసీ ఒడ్డున హైకోర్టులో నేను నల్లకోటు వేసుకున్నది 1980ల తొలినాళ్లలో. పర్యావరణ కేసులంటూ వేరే ప్రాక్టీసు అప్పట్లో లేదు. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం ఉన్నాయన్న మాటే గానీ వాటిని ఎత్తి వాదించినవాళ్లు తక్కువ. సీనియర్లంతా సర్వీసు కేసులు, భూసేకరణ, ల్యాండ్ సీలింగ్ చూసుకునేవాళ్లు. పార్కు జాగా పోతోందనో, ఫ్యాక్టరీ నీళ్లు బావుల్లోకి దిగుతున్నాయనో వచ్చేవాళ్ల దగ్గర ఫీజు పుట్టేది కాదు. అయినా మా సీనియర్‌గారు వాళ్లను కూర్చోబెట్టి ఒకటే అడిగేవారు: "పని మొదలైందా?" ఇంకా లేదంటే ఆ రాత్రికే అఫిడవిట్ తయారు. మొదలైందంటే "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారయ్యా?" అని కసిరి, తెల్లారేసరికి నన్ను ఆ ఊరికి తోలేవారు.

పోవడమంటే ఊరికే చూసి రావడం కాదు. పహాణీ నకలు, గ్రామ పటం, టిప్పన్ (సర్వే కొలతల పటం) చేతిలో ఉండాలి. ఊళ్లో నీరటిని, అంటే చెరువు నీళ్లు వదిలే మనిషిని, పట్టుకోవాలి. తూము ఎక్కడుందో, అలుగు ఎటు పారుతుందో, నిండు వానాకాలంలో నీళ్లు ఏ చెట్టు మొదట్లోకి వస్తాయో చెప్పగలిగినవాడు అతనే. శిఖం భూమి, అంటే చెరువు ముంపు నేల, ఏ సర్వే నంబరు దగ్గర ఆగుతుందో కాలితో నడిచి చూడాలి. ఇదంతా అఫిడవిట్‌లోకి ఎక్కేది. జడ్జిగారు "ఫీడర్ ఛానల్ ఎటువైపు నుంచి వస్తోంది?" అని అడిగితే కాగితాలు తిరగేయకుండా జవాబు చెప్పేవాళ్లం. ప్రభుత్వ ప్లీడరు కూడా మారు మాట్లాడలేకపోయేవాడు.

ముందే కోర్టుకెక్కే పద్ధతికి ఫలితం ఎలా ఉండేదో చెప్పడానికి దామోదర్ రావు కేసు ఒక్కటి చాలు. హైదరాబాద్ అభివృద్ధి ప్రణాళికలో వినోద స్థలంగా కేటాయించిన భూమిని ఎల్ఐసీ, ఆదాయపు పన్ను శాఖ కొనుక్కుని ఇళ్లు కట్టబోయాయి. చుట్టుపక్కల పన్ను కట్టే పౌరులే రిట్ వేశారు. 1987లో జస్టిస్ పి.ఎ.చౌదరిగారు తీర్పిచ్చారు. ప్లాన్‌లో పార్కుకు గీసిన గీత ప్రభుత్వ శాఖలకూ వర్తిస్తుందన్నారు. కలుషిత వాతావరణంతో జనాన్ని మెల్లమెల్లగా విషానికి గురిచేయడం కూడా 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనన్నారు. టౌన్ ప్లానింగ్, పర్యావరణం, రాజ్యాంగం మూడూ ఒక్క తీర్పులో కలిశాయి. జనం సకాలంలో కోర్టుకు రావడం వల్లే కోర్టు ఆ నిర్మాణాన్ని ఆపగలిగింది.

జంట జలాశయాల సంగతీ అంతే. 1908 మూసీ వరద తర్వాత పుట్టిన ఆలోచన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. వాటి పరీవాహకంలో 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996లో 111 జీవో వచ్చింది, 84 గ్రామాలకు వర్తించింది. ఆ పరిధిలో ఒక నూనెల కంపెనీకి ప్రభుత్వం మినహాయింపు ఇస్తే, కాలుష్య నియంత్రణ మండలి సుప్రీంకోర్టు దాకా పోరాడింది. ప్రొఫెసర్ ఎం.వి.నాయుడు కేసుగా అది ఇప్పటికీ లా కాలేజీల్లో పాఠం. హాని జరగదని నిరూపించాల్సిన భారం పరిశ్రమ పెట్టేవాడిదేనని 1999లో జస్టిస్ జగన్నాధరావుగారు తేల్చారు. ప్రభుత్వం వదిలేద్దామన్నా మండలి అడ్డంగా నిలబడిన రోజులవి. 2022లో అదే 111 జీవో ఆంక్షలను 69 జీవోతో ఎత్తేశారు. నగరానికి నీళ్లిచ్చిన జలాశయాల కాపలాను ఒక్క సంతకంతో తీసేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు చట్టాలకు కొదవ లేదు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ఉంది, సమాచార హక్కు ఉంది, 2010లో గ్రీన్ ట్రిబ్యునల్ వచ్చింది. కానీ ఆ ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ చెన్నైలో కూర్చుంటుంది. పర్యావరణ అనుమతిపై అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. ఆ తర్వాత తలుపు మూసేస్తారు. ఊరి రైతుకు అనుమతి వచ్చిన సంగతే జేసీబీ పొలం పక్కకు వచ్చినప్పుడు తెలుస్తుంది. అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. మా రోజుల్లో హైకోర్టుకు ఉత్తరం రాస్తే రిట్‌గా స్వీకరించిన జడ్జీలు ఉండేవారు. జనానికి న్యాయం దగ్గర చేస్తామని పెట్టిన ట్రిబ్యునల్‌లో ఇప్పుడు రోజులు లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది.

అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ ఎలా జరుగుతోందో చూడండి. అసలు ఈఐఏ నివేదిక వందల పేజీల ఇంగ్లీషు. ఊరికి అందేది నాలుగు కాగితాల సారాంశం. షామియానా కింద ముందు వరుసలో కూర్చునేది ఉద్యోగాలు ఇస్తామన్న మాట నమ్మి వచ్చినవాళ్లు. నష్టపోయే రైతు మైకు అందుకునేసరికి మధ్యాహ్నం అవుతుంది, అధికారులు వాచీలు చూసుకుంటుంటారు. ఆ నివేదికలు రాసేది ప్రాజెక్టు యజమాని డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెన్సీలే. వాగు ఉన్న చోట వాగు లేదని రాసిన నివేదిక నేను స్వయంగా చూశాను. ఆ వాగులో మోకాళ్ల లోతు దిగి ఫొటో తీయించుకుని కోర్టులో వేశాం. నడిచి చూసేవాడు లేకపోతే ఆ అబద్ధమే రికార్డుగా నిలిచేది.

అన్నిటికన్నా నన్ను మండించేది క్రమబద్ధీకరణ. 2007 చివర్లో అక్రమ భవనాలకు బీపీఎస్, అక్రమ లేఅవుట్లకు ఎల్ఆర్ఎస్ పథకాలు వచ్చాయి. ఇదే చివరిసారి అన్నారు. 2015లో తెలంగాణలో మళ్లీ వచ్చాయి, 2020లో ఎల్ఆర్ఎస్ ఇంకోసారి వచ్చింది. నిబంధన ప్రకారం సెట్‌బ్యాక్ వదిలి కట్టుకున్నవాడు మోసపోయాడు. రోడ్డు మీదకు బాల్కనీ తోసినవాడు ఫీజు కట్టి పెద్దమనిషయ్యాడు. పర్యావరణ అనుమతి విషయంలోనూ ఇదే తంతు. ముందు కట్టేసి తర్వాత అనుమతి తెచ్చుకోవడం కుదరదని 2025 మే నెలలో వనశక్తి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది నవంబరులో ఇద్దరు జడ్జీల మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది, ఒకరు విభేదించారు. ఆ విభేదించిన జడ్జిగారి వైపే నా మనసు. అనుమతి అంటే ముందు తీసుకునేది. పెళ్లయ్యాక పెళ్లిచూపులు ఎవరూ పెట్టరు.

ఆలస్యం ఎంత ఖరీదైనదో మన నేల మీదే రుజువులున్నాయి. తిరుపతిలో అవిలాల, పేరూరు చెరువుల భూముల కేసులో 2006లో సుప్రీంకోర్టు ప్రజల ఆస్తికి ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని గొప్పగా చెప్పింది. ఇకపై కట్టవద్దంది గానీ అప్పటికే లేచిన ఇళ్లను పడగొట్టమనలేదు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో పడిన కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగింది. ఈలోపు నక్కవాగు పొలాల్లో ఒక తరం రైతులు వెళ్లిపోయారు. హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా ఆపేనాటికి దాదాపు 100 ఎకరాల్లో పచ్చదనం నేలకూలింది. సెలవు రోజులు చూసుకుని బుల్డోజర్లు దిగడం ఇప్పుడు అలవాటైంది. చెట్టు పోయాక వచ్చే స్టే చెట్టును తేలేదు.

కొత్తది అంతా చెడ్డదని నేను అనను. పదేళ్ల కిందటి ఉపగ్రహ చిత్రం ఇప్పుడు నిమిషంలో దొరుకుతుంది, చెరువు ఏ ఏడు ఎంత కుంచించుకుపోయిందో చూపించవచ్చు. అది మాకు లేని ఆయుధం. కానీ ఆ చిత్రంలో తూము కనబడదు, కాలువను ఎవరు ఏ రాత్రి పూడ్చారో కనబడదు. అది చెప్పేది ఊళ్లో మనిషి. ఆ మనిషితో మాట్లాడకుండా పాత పిటిషన్‌లోంచి పేరాలు కాపీ చేసి, సర్వే నంబరు కూడా మార్చడం మరిచిన అఫిడవిట్లు నేను ఎదురుగా కూర్చుని చదివాను. ప్రభుత్వం వైపు చూద్దామంటే కౌంటర్ వేయడానికి వాయిదా మీద వాయిదా. ఈ వాయిదాల మధ్యే శ్లాబులు పడుతున్నాయి.

ఈ రంగంలోకి వస్తున్న జూనియర్లకు నేను చెప్పేది ఒకటే. వకాలత్ తీసుకున్న వారంలోపు ఆ నేల మీద నడవండి, నీరటి లేకపోతే ఆయన కొడుకును వెతకండి. కాలనీల్లో, ఊళ్లలో ఉన్న పాఠకులకూ ఒక మాట. చెరువు పక్కన మొదటి ట్రాక్టర్ మట్టి పడిన రోజే ఫొటో తీయండి, తేదీ రాసి పెట్టుకోండి, సమాచార హక్కు కింద అనుమతి కాగితం అడగండి, ఆ వారమే వకీలు గడప తొక్కండి. పునాది లేవకముందు వస్తే కోర్టు ఆపగలదు. మూడంతస్తులు లేచాక వస్తే మీకు దక్కేది మంచి తీర్పు మాత్రమే, చెరువు కాదు.