వాడి రంపమేల వంకరగాఁ బోవు: టీకా తాత్పర్య సహితము

మూలము (ఆటవెలది)

వాడి రంపమేల వంకరగాఁ బోవు?
పక్కపక్క పదును పాలు తప్ప.
చిన్న పంటి సాటి చేయుము తక్కిన
వాని నాకురాత వరుస రుద్ది.

అవతారిక

సరుగుడు తోటలో నేలకొరిగిన దుంగను చైన్ రంపంతో కోసేవాడికి ఒక విపరీతం ఎదురవుతుంది. కోత సూటిగానే మొదలవుతుంది. సగం దిగేసరికి కుడికి ఒరుగుతుంది. ముప్పాతిక దిగేసరికి చైన్ తిరిగే బార్ దుంగలోనే బిగుసుకుపోతుంది. అప్పుడతడు ముందు మిషన్‌ను, తర్వాత దాన్ని అమ్మినవాణ్ణి, ఆపైన చెట్టును తిడతాడు. మూడు తిట్లూ తగలవలసిన చోట తగలలేదని చెప్పడానికే ఈ పద్యం పుట్టింది. కవీ వ్యాఖ్యాతా ఒకరే గనుక పాఠాంతరాల తగాదా లేదు. కవి హృదయం దగ్గర మాత్రం ఇద్దరికీ అప్పుడప్పుడు పేచీ వస్తోంది.

ప్రతిపదార్థము

వాడి రంపము = కొన్ననాడు పదునుగానే ఉన్న చైన్ రంపము; ఏల = ఎందుచేత; వంకరగాన్ = గీసిన గీతను ఖాతరు చేయకుండా; పోవున్ = పోతుంది (బార్ ఇరుక్కునేదాకా అని శేషము); పక్కపక్క = ఎడమ పళ్లకూ కుడి పళ్లకూ; పదును పాలు = పదునులో సరిసమానంగా రావలసిన వాటా; తప్పన్ = తప్పడం వల్ల; చిన్న పంటి సాటి = అన్నిటికన్నా అరిగి పొట్టిదైన పంటికి సమానముగా; తక్కినవానిన్ = మిగిలిన పళ్లను (నిన్నటిదాకా నిక్షేపంగా ఉన్నాయే అన్న జాలి లేకుండా); ఆకురాతన్ = గుండ్రని ఆకురాయితో; వరుసన్ = ఒక పక్క పళ్లన్నీ ముగించి రెండో పక్కకు వచ్చే క్రమంలో; రుద్ది = అరగదీసి; చేయుము = చెయ్యి. ఏకవచనం గనుక ఈ పని పక్కవాడి మీదికి నెట్టే వీలు లేదని ధ్వని.

తాత్పర్యము

చైన్ మీద ఎడమ పన్ను, కుడి పన్ను మార్చి మార్చి ఉంటాయి. ఎడమది కోతలోని ఎడమ గోడను చెక్కుతుంది, కుడిది కుడి గోడను. రెండూ సమంగా తింటేనే బార్ నిటారుగా దిగుతుంది. ఒక పక్క పళ్లు మొద్దుబారినా, పొట్టివైనా, రెండో పక్క ఎక్కువ కర్ర తిని బార్‌ను తనవైపు లాక్కుంటుంది. కనుక అన్నిటికన్నా పొట్టి పన్ను ఏదో వెతికి, తక్కినవన్నీ దాని పొడవుకు తీసుకురావాలని భావము.

పూర్వపక్షము, సిద్ధాంతము

“కాడికి కట్టిన జతలో ఒక ఎద్దు నీరసపడితే బండి ఆ ఎద్దు వైపే తిరుగుతుంది. రంపమూ మొద్దు పళ్ల వైపే తిరగాలి గదా?” అని ఒక రైతు ఆక్షేపణ. తిరగదు. ఎద్దు లాగుతుంది, పన్ను తింటుంది. కర్ర ఏ పక్క ఎక్కువ ఖాళీ అయితే బార్ ఆ పక్కకే పోతుంది. కోత కుడికి పోతే అనుమానించవలసింది ఎడమ పళ్లను. ఈ సంగతి తెలియనివారు బాగున్న పక్కకే మళ్లీ సానపట్టి, ఉన్న వంకరను పెంచుతారు.

“గట్టిగా అదిమితే దారికి రాదా?” అని మరొకరు. రాదు. పదునున్న రంపం దాదాపు తన బరువుతోనే దిగుతుంది, పెచ్చులు రాలుస్తుంది. అదిమితే గాని దిగకుండా, మెత్తని పొట్టు రాలుస్తుంటే చైన్ మొద్దుబారిందని అర్థం. ఆ స్థితిలో అదమడం వల్ల వేడెక్కేదీ అరిగేదీ బారే.

సమత్వం తప్పడానికి దారులు రెండు. మొదటిది దెబ్బ. దారి పక్క వేపచెట్టుకు ఎప్పుడో ట్యూషన్ సెంటర్ బోర్డు కోసం కొట్టిన మేకు బెరడు లోపల దాగి ఉంటుంది. అది ఒక పక్క పళ్లనే పాడుచేసి పోవచ్చు. రెండోది సానపట్టే చెయ్యే. కుడిచేతివాటం మనిషికి ఒక పక్క సుఖంగా కుదురుతుంది, రెండో పక్క మణికట్టు తిరగదు. కోణం మారుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, వంకర అక్కడే పుడుతుంది.

ప్రయోగము

ఇంజన్ ఆపి, తొడుగులు వేసుకుని, బార్‌ను కదలకుండా బిగించాలి. పొట్టి పన్ను మీద పెన్నుతో గుర్తు పెట్టాలి. ఆకురాయి లావు చైన్‌ను బట్టి ఉంటుంది: 0.325 అంగుళాల పిచ్‌కు 4.8 మి.మీ., 3/8 లో-ప్రొఫైల్‌కు 4 మి.మీ. కోణం చాలా చైన్లకు 30 డిగ్రీలు. పంటి లోపలినుంచి బయటికి తొయ్యాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఆకురాయిని ఎత్తాలి. పంటి ముందు నిలబడే డెప్త్ గేజ్‌ను చాలామంది మరిచిపోతారు. పన్ను ఎంత కర్ర కొరకాలో నిర్ణయించేది అదే. అది సాధారణంగా పంటి అంచు కంటే సుమారు 0.65 మి.మీ. కిందుండాలి, రెండు పక్కలా ఒకే తీరున. ఒక పక్క గేజ్ ఎక్కువ దిగినా రంపం ఆ పక్కకే పోతుంది.

ఉపాఖ్యానము

మూలంలో లేనిది రాయకూడదన్నది కోలాచలం మల్లినాథసూరి నియమం. ఈ వ్యాఖ్యాత అంతటివాడు కాడు గనుక ఒక కథ. 1946లో అమెరికాలోని ఒరెగాన్ అడవుల్లో జో కాక్స్ అనే కలప కోతగాడు ఒక మొద్దులో పురుగును చూశాడు. కలప తొలిచే పెంకుపురుగు పిల్ల అది. కర్ర పోగుకు అడ్డంగానైనా నిలువుగానైనా ఇట్టే తినేస్తోంది. దాని దవడలు ఎడమకూ కుడికీ మార్చి మార్చి కొరకడం గమనించి, ఆ దవడల వంపుతోనే పళ్లు చేసి 1947లో కొత్త చైన్ అమ్మకానికి పెట్టాడు. నేటి చైన్లు ఆ వంశానివే. పురుగు మాత్రం ఆకురాయి లేకుండానే సూటిగా తింటుంది.

శంకాంతరము

పళ్లన్నీ సమమైనా వంకర పోతే? అప్పుడు దోషం బార్‌ది. దాని గాడి వెడల్పైతే చైన్ పక్కకు ఒరుగుతుంది. బార్ పక్క మీదా పంటి పక్క మీదా ఆనేలా స్కేలు పెట్టి చూడాలి. బార్‌కూ స్కేలుకూ మధ్య కాస్త సందు ఉంటే క్షేమం. స్కేలు బార్‌కు అంటుకుపోతే చైన్ ఒరిగినట్టే. గాడికి రెండు వైపులా ఉన్న అంచులు ఎత్తులో తేడా పడితే బల్లపరుపు ఆకురాయితో సరిచేసి, మూలమట్టంతో చూసుకోవాలి. గాడిలో పొట్టు, నూనె రంధ్రంలో మడ్డి తీసెయ్యాలి. బార్‌ను అప్పుడప్పుడు తిరగేసి బిగిస్తే రెండు అంచులూ ఒకేలా అరుగుతాయి. గాడి మరీ అరిగితే కొత్త బారే గతి.

ధ్వని

చిన్నవాడి స్థాయికి అందరినీ దించితే రాజ్యం సూటిగా నడుస్తుందని కవి రాజనీతి చెప్పాడని కొందరు అనబోతారు. కవి అలా అనలేదు, అడిగి తెలుసుకున్నాం. చైన్ పళ్లు ఒకే పని చెయ్యడానికి పుట్టినవి గనుక వాటికి ఈ న్యాయం చెల్లింది. మనుషుల మీద ఆకురాయి పట్టే అధికారం ఈ పద్యం ఎవరికీ ఇవ్వదు.

ఫలశ్రుతి

దీన్ని రోజూ పఠించినందువల్ల రంపం సూటిగా పోదు. అర్థం తెలిసి ఆకురాయి పట్టినవాడికి కోత నిటారుగా దిగుతుంది, పెట్రోలు మిగులుతుంది, నడుము నిలుస్తుంది. ట్యాంకు నింపినప్పుడల్లా పంటికి రెండు రుద్దులు వేసే అలవాటున్నవాడికి అసలు ఈ పద్యంతోనే పని లేదు.