సెయింట్ కిల్డా ఆటవెలది: టీకా తాత్పర్య సహితము

ఆ.వె.
కుర్రవాడు మేటి కోలుకొన్నను చాలు
కోచు మారెనేని కొదువ లేదు
బంతి గుండ్రమైన భాగ్యమే వేరురా
వచ్చునేడు మనదె వాదమేల

అవతారిక. ఈ పద్యానికి కర్త ఒక్కడని చెప్పలేం. మెల్బోర్న్‌లో మొరాబిన్ వైపు వెళ్లి, అక్కడి ఫుట్‌బాల్ జట్టు సెయింట్ కిల్డా వారి ఎరుపు, తెలుపు, నలుపు చారల మఫ్లరు చుట్టుకున్న మనిషిని ఎవరినైనా ఆపి "ఈసారి మీ జట్టు ఎలా ఉంది?" అని అడగండి. ఆయన చెప్పేది ఈ నాలుగు పాదాలే. ఇంగ్లీషులో చెబుతాడు. దాన్ని గణాలకు కట్టిన పాపం ఒక్కటే నాది.

వ్యాఖ్యానానికి దిగేవాడు మల్లినాథసూరిని తలచుకోవడం మర్యాద. మూలంలో లేని ముక్క ఒక్కటీ రాయనన్నాడు ఆ కోలాచలంవాడు. ఆయన ముందున్నది కాళిదాసు కనుక చెల్లింది. ఇక్కడ మూలంలో ఉన్నవి నాలుగు నిట్టూర్పులు, లేనిది 1897 నుంచి నడుస్తున్న కథంతా. నియమం తప్పక తప్పదు.

ఆట సంగతి ముందు కొంత చెప్పాలి. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ను అక్కడి జనం ముద్దుగా ఫుటీ అంటారు. దీని తుది పోరు జరిగేది మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో, అంటే 2024 డిసెంబరులో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తొలి టెస్టు శతకం కొట్టిన చోటే. మైదానం అండాకారం, బంతీ అండాకారమే. జట్టుకు 18 మంది. రెండు కొసలా నాలుగేసి స్తంభాలు ఉంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి బంతిని తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే బిహైండ్, 1 పాయింటు. గురి తప్పినా ఓదార్పుగా ఒకటిచ్చే ఆట ఇది. ఈ ఒక్క పాయింటును పాఠకులు కొంగున ముడి వేసుకోవాలి. మూడో పాదం దగ్గర విప్పుదాం.

"కుర్రవాడు మేటి". జాత్యేకవచనం. ఏటేటా ఒక కుర్రవాడు ఉంటాడు, ఏటేటా మేటే. వీళ్లెక్కడి నుంచి వస్తారంటే డ్రాఫ్ట్ అనే పద్ధతి నుంచి. పట్టికలో అడుగున పడ్డ జట్టుకు కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే హక్కు దక్కుతుంది. 2000లో సెయింట్ కిల్డా అట్టడుగున తేలింది. తేలినందుకు మొదటి ఎంపికా, రెండో ఎంపికా రెండూ తనకే వచ్చాయి: నిక్ రీవోల్ట్, జస్టిన్ కొషిట్స్కీ. మరుసటి ఏడు రెండో ఎంపికతో ల్యూక్ బాల్ వచ్చాడు. రీవోల్ట్ కెప్టెన్ అయ్యాడు, దశాబ్దం పైగా జట్టును భుజాన మోశాడు. ల్యూక్ బాల్ మాత్రం 2009 చివర మరో జట్టైన కాలింగ్‌వుడ్‌కు వెళ్లిపోయి, మరుసటి ఏడే కప్పు గెలిచాడు. ఎవరి మీద గెలిచాడో విజ్ఞులు ఊహించగలరు. కుర్రవాడు మేటి అన్న మాట అబద్ధం కాదు. ఆ మాట ఏ ఇంట రుజువవుతుందో కవి చెప్పలేదు, అంతే.

"కోలుకొన్నను చాలు". దీనికి ఉదాహరణ మాక్స్ కింగ్. రెండు మీటర్లు దాటిన ఎత్తు, ముందుండి గోల్స్ కొట్టే మనిషి. 2018లో మోకాలి లిగమెంటు తెగి ఉండగానే నాలుగో ఎంపికగా తీసుకున్నారు. అంటే కోలుకోవడం అనేది అతని విషయంలో ఉద్యోగం మొదటి రోజు నుంచీ ఉన్న షరతు. 2025 సీజన్ అంతా అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అభిమాని లెక్కలో మాత్రం ప్రతి శనివారం ఆడాడు, ప్రతిసారీ అయిదు గోల్స్ కొట్టాడు. గాయపడ్డ ఆటగాడు గురి తప్పడు కదా.

ఇక్కడ ఒక పాఠాంతరం ఉంది: "కుర్రవాడు మేటి కూర్చుండినను చాలు". యతి చెడలేదు, గణాలు సరిపోయాయి. ఇది 2025 చలికాలంలో బాగా వాడుకలో ఉన్న పాఠం. నసాయా వాంగనీన్-మిలేరా అనే కుర్రవాడు దక్షిణ ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాడు. అక్కడి రెండు జట్లూ, అడిలైడ్, పోర్ట్ అడిలైడ్, సొంతూరికి రమ్మని పిలిచాయి. పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల ముందు గుమ్మం దగ్గర నిలబడ్డ మేనమామలా సెయింట్ కిల్డా అంతా ఊపిరి బిగబట్టింది. ఆగస్టులో ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టాడు. దాంతో ఈ పాఠం ప్రస్తుతానికి అప్రస్తుతమైంది. రెండేళ్ల తర్వాత పరిష్కర్తలు మళ్లీ తీస్తారు.

"కోచు మారెనేని కొదువ లేదు". ఈ పాదానికి పెద్ద టీక అక్కర్లేదు. కోచు శబ్దం అన్యదేశ్యం. మార్పు మాత్రం అచ్చ సెయింట్ కిల్డాదే. 2001లో మాల్కమ్ బ్లైట్‌ను ఎంతో ఆర్భాటంగా తెచ్చి 15 మ్యాచ్‌లకే పంపేశారు. 2022 జూలైలో బ్రెట్ రాటెన్ ఒప్పందం పొడిగించి, అక్టోబరులో సెలవిప్పించారు. ఆయన స్థానంలో వచ్చినవాడు రాస్ లయన్. ఈయనే 2007 నుంచి 2011 దాకా ఇక్కడ పనిచేసి, ఫ్రీమాంటిల్‌కు వెళ్లిపోయి, అభిమానుల తిట్లన్నీ తిన్నవాడు. కాబట్టి కోచు మారినా వచ్చేది పాత కోచే కావచ్చునని ధ్వని. ఇక "కొదువ లేదు" అన్నాడే గాని దేనికి కొదువ లేదో అధ్యాహారం చేసుకోమని వదిలేశాడు. అట్టడుగున నిలిచిన జట్టుకు లోకం వేళాకోళంగా ఇచ్చే చెక్క చెంచాలైతే 27 ఉన్నాయి. ఈ పోటీల్లో మరెవరికీ అన్ని లేవు. వాటికి నిజంగానే కొదువ లేదు.

"బంతి గుండ్రమైన భాగ్యమే వేరురా". పద్యానికి ప్రాణం ఈ పాదం. "అయితే" అని మొదలుపెట్టి లేనిదాన్ని కల్పించడం అతిశయోక్తిలో ఒక భేదమని మమ్మటుడు చెప్పాడు. సెయింట్ కిల్డాలో ఇది అలంకారం కాదు, మామూలు మాట తీరు.

సందర్భం 2010 సెప్టెంబరు 25 నాటి తుది పోరు (గ్రాండ్ ఫైనల్), ప్రత్యర్థి కాలింగ్‌వుడ్. అంతకు ముందేడు సెయింట్ కిల్డా మొదటి 19 మ్యాచ్‌లూ వరసగా గెలిచి, గ్రాండ్ ఫైనల్‌లో జిలాంగ్ చేతిలో 12 పాయింట్ల తేడాతో ఓడింది. ఆ రోజు జిలాంగ్ 12 గోల్స్, 8 బిహైండ్లు; సెయింట్ కిల్డా 9 గోల్స్, 14 బిహైండ్లు. స్తంభాల వైపు ఎక్కువసార్లు బంతి కొట్టినవాళ్లే ఓడారు. జిలాంగ్ గోల్స్‌లో ఒకటి స్తంభానికి తగిలింది కూడా. తగిలితే గోల్ కాదు. అంపైరు చూడలేదు, టీవీ చూసింది. ఆ గాయం మానకుండానే 2010 వచ్చింది. చివరి నిమిషాల్లో కాలింగ్‌వుడ్ ఒక్క పాయింటు ముందుంది. లెనీ హేస్ దూరం నుంచి బంతిని బలంగా తన్నాడు. గోల్ ముందు స్టీఫెన్ మిల్న్ ఒక్కడే పరుగెత్తుతున్నాడు. బంతి నేల మీద పడి ఒక్క ఎగురు ఎగిరి అతని చేతుల్లోకి రావాలి. వచ్చి ఉంటే 44 ఏళ్ల తర్వాత కప్పు. అండాకారపు బంతి కదా, మొన మీద పడి పక్కకు తిరిగి, మిల్న్‌ను తప్పించుకుని సందులోంచి దొర్లిపోయింది. ఒక్క పాయింటు. 68, 68. సైరన్ మోగింది. ఇరు జట్ల మనుషులూ ఎవరు గెలిచారో తెలియని ముఖాలతో గడ్డి మీద కూలబడ్డారు. అప్పటి నియమం ప్రకారం వారం తర్వాత మళ్లీ ఆడారు. ఈసారి కాలింగ్‌వుడ్ 56 పాయింట్లతో గెలిచింది. ల్యూక్ బాల్ మెడలో పతకం వేశారు.

ఆ ఎగురును మెల్బోర్న్‌లో ఇప్పటికీ చేత్తో గాలిలో గీసి చూపించేవాళ్లున్నారు. తాత్పర్యం సుగమం: బంతి గుండ్రంగా ఉంటే తిన్నగా వచ్చేది, మిల్న్ అందుకునేవాడు, రెండో కప్పు దక్కేది.

శంక. రెండోది అన్నారు, మొదటిది ఎలా వచ్చింది?

సమాధానం. ఇక్కడే కవి తనను తాను ఖండించుకున్నాడు. 1966 సెప్టెంబరు 24, ఇదే మైదానం, ఇదే కాలింగ్‌వుడ్, లక్షకు పైగా జనం. చివరి నిమిషాల్లో స్కోరు సమానం. బారీ బ్రీన్ అనే పద్దెనిమిదేళ్లవాడికి గుంపులోంచి బంతి దొరికింది. తొందరలో కాలు ఆనించాడు. తన్నాడని అనడం గౌరవం కొద్దీ. ఆ బంతి అటూ ఇటూ ఒళ్లు విరుచుకుంటూ, పొర్లుకుంటూ వెళ్లి పక్క సందులోంచి బయటపడింది. బిహైండ్. 74, 73. సెయింట్ కిల్డా చరిత్రలో ఉన్న ఒకే ఒక్క కప్పు అదే. గుండ్రటి బంతి అయి ఉంటే అలా పొర్లేదా? గోల్‌లోకే వెళ్లేదేమో, ఎదుటివాడి చేతుల్లోకే వెళ్లేదేమో. కప్పుకు మాత్రం హామీ లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే చిత్రం. 1897లో లీగు పుట్టినప్పుడు చేరిన ఈ జట్టు వరసగా 48 మ్యాచ్‌లు ఓడింది. మూడేళ్లు ఒక్క గెలుపు లేదు. 1900లో మెల్బోర్న్ జట్టుతో ఆట సమం అయితే, వాళ్లు వేసిన ఒక పాయింటు గంట మోగాక వేసిందని ఫిర్యాదు చేసి, ఆ పాయింటు కొట్టివేయించి, తొలి గెలుపు సాధించారు. ఎంత తేడాతో? ఒక్క పాయింటు. తొలి గెలుపు ఒక బిహైండ్ లేకపోవడం వల్ల, ఏకైక కప్పు ఒక బిహైండ్ ఉండటం వల్ల. 2010లో మిల్న్‌ను దాటిపోయిన ఆ బంతి కూడా ఒక పాయింటు తెచ్చి, ఆ రోజుకు ఓటమిని తప్పించిందే. ఆ మాట ఎవరూ అనరు. నేను అన్నానని చెప్పకండి.

కాబట్టి సిద్ధాంతం: బంతిని నిందించే హక్కు ఈ అభిమానికి లేదు. నిందిస్తే 1966ను తిరిగి ఇచ్చెయ్యాలి. మరి ఎందుకు నిందిస్తున్నాడు? ప్రమాణాల్లో తేడా. నేటి అభిమానుల్లో చాలామందికి 1966 శబ్దప్రమాణం: తండ్రో తాతో చెప్పగా విన్నది. 2010 ప్రత్యక్ష ప్రమాణం: తన కళ్లతో, తన టికెట్టుతోనో, తన సోఫా మీద నుంచో చూసినది. ఎన్నిసార్లు విన్నా బ్రీన్ బంతి కథగానే ఉంటుంది. మిల్న్ బంతి మాత్రం ఇంకా ఎగురుతూనే ఉంది. నైయాయికులు ఎంత వాదించినా చెవి కంటే కన్ను ముందు ఏడుస్తుంది. అందుకే కవిని నేను తప్పుపట్టను, అతని తర్కాన్ని మాత్రమే తప్పుపడతాను.

"వచ్చునేడు మనదె". వచ్చు, ఏడు అనే రెండు మాటల మధ్య నుగాగమం వచ్చింది. ఆగమం మిత్రుడిలా వచ్చి చేరేదని వైయాకరణుల మాట. ఈ జట్టు దగ్గరకు అలా వచ్చి చేరినది ఆ నకారం ఒక్కటే. ఈ పాదాన్ని కొందరు ఉత్త మొండితనమని కొట్టిపారేస్తారు. వాళ్లు 2025 జూలై 27న మార్వెల్ స్టేడియంలో లేరన్నమాట. మూడు క్వార్టర్లు ముగిసేసరికి మెల్బోర్న్ జట్టు 46 పాయింట్లు ముందుంది. జనం కార్ల తాళాలు వెతుక్కుంటూ లేచారు. చివరి క్వార్టర్లో సెయింట్ కిల్డా గోల్ వెనక గోల్ కొట్టి సమం చేసింది. సమం చేసిన గోల్ వాంగనీన్-మిలేరాదే. కొన్ని సెకన్లే మిగిలాయి. ఆట మధ్య నుంచి మళ్లీ మొదలయ్యేటప్పుడు మైదానంలోని మూడు భాగాల్లోనూ ఆరేసి మంది నిలబడాలని నియమం. మెల్బోర్న్‌వాళ్లు లెక్క తప్పారు. ఫ్రీ కిక్ దక్కింది. రోవన్ మార్షల్ బంతిని ముందుకు పంపాడు, అదే కుర్రవాడు ఎగిరి పట్టుకున్నాడు, సైరన్ మోగింది, మోగాక గోల్ కొట్టాడు. చివరి క్వార్టర్లో అంత వెనకబడి గెలిచిన జట్టు ఈ పోటీల చరిత్రలోనే లేదు. ఆ ఏడు సెయింట్ కిల్డా ఫైనల్స్‌కు చేరలేదు, అది వేరే సంగతి. ఆ రోజు తండ్రి భుజాల మీద కూర్చుని చూసిన పిల్లవాడికి ఇక ప్రత్యక్ష ప్రమాణం చిక్కింది. 1966లో పదేళ్లవాడికి ఇప్పుడు డెబ్బై దగ్గర. ఒకే ఇంట్లో ముగ్గురు: ఒకడు కప్పు చూశాడు, ఒకడు రెండు కప్పులు జారిపోవడం చూశాడు, ఒకడు ఒక్క క్వార్టరు చూశాడు. "మనదె" అనడానికి ముగ్గురికీ అధికారం ఉంది.

"వాదమేల". ఈ చివరి మాట మీద నాకు గట్టి అనుమానం ఉంది. యతి సరిపోయిందని మురిసిపోకూడదు. మాక్స్ కింగ్ మోకాలి గురించి, లయన్ రెండోసారి రావడం మంచిదా కాదా అనే దాని గురించి, హేస్ ఆ బంతిని ఇంకో గజం ముందు వేసి ఉంటే అనే దాని గురించి వాదించకుండా ఒక్క వారం ఉన్న సెయింట్ కిల్డా అభిమాని లోకంలో లేడు. ఇది మూలంలోని మాట కాదు, ప్రక్షిప్తం. కవి వదిలిపెట్టిన ఖాళీని తర్వాత ఎవడో వ్రాయసకాడు పూరించాడు. వాడు కాలింగ్‌వుడ్ వాడై ఉంటాడని నా ఊహ.