వెలిగితే ఒక మాట, ఆరితే ఒక మాట

నాలో ఉన్నవి ఒక బల్బు, హోల్డరు, రెండు తీగలు. ఒక తీగ చివర క్లిప్పు, రెండోదాని చివర మొన తీర్చిన సైకిల్ ఊచ. బేగంపేట బ్రాహ్మణవాడి సందులో కారు ఎలక్ట్రీషియన్ ఉస్తాద్ నన్ను తన చేత్తో చేసుకున్నాడు. క్లిప్పును బాడీకి తగిలించి ఊచను తీగకు ఆనిస్తే, కరెంటు ఉంటే వెలుగుతాను, లేకపోతే వెలగను. నన్ను టెస్ట్ ల్యాంపు అంటారు.

నా బల్బు అంబాసిడర్ ఇండికేటర్‌ది, 12 వోల్టులు, 21 వాట్లు. చిన్న బల్బు పెట్టుకోవచ్చు కదా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. పెద్దది కావాలనే పెట్టాడాయన. తీగలో అతుకు చిలుము పట్టి అరకొరగా తగులుతున్నా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. నేను రెండు ఆంపియర్ల దాకా లాగుతాను. అలాంటి అతుకు అంత భారం మోయలేదు, నేను మసకబారతాను. తీగకు పని చెప్పకుండా దాని బలం తెలియదు. "కరెంటు ఉందని మీటరు చెప్తది. పనికొస్తదో లేదో ఇది చెప్తది" అని ఉస్తాద్ పనివాళ్లతో అంటాడు. ఆ మాటకు ఇప్పటికీ పొంగిపోతాను.

2008 మార్చిలో ఇక్కడి విమానాశ్రయం నుంచి విమానాలు శంషాబాద్‌కు తరలిపోయేదాకా బేగంపేట రోడ్ల మీద అంబాసిడర్లకు కొదవ లేదు. 2014లో ఉత్తర్‌పారా కర్మాగారంలో వాటి తయారీయే ఆగిపోయింది. ఇప్పుడు మా దగ్గరికి వచ్చేవి, ఇంటి మనిషిలా చూసుకునేవాళ్లు దాచుకున్న బళ్లు. ప్రకాశ్‌నగర్ నుంచి ఒక రిటైర్డు ఇంజనీరు గారి తెల్ల మార్క్ 4 అలాగే వచ్చింది.

"ఇక్కడికొస్తే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటది ఉస్తాద్. పంజాగుట్ట చౌరస్తాలకు పోంగనే బందైతది. పావుగంట ఆగితే మళ్లా మామూలే" అన్నారాయన.

అంతకు ముందు చూసినవాళ్లు ఇగ్నిషన్ కాయిల్ మార్చారు, కండెన్సర్ మార్చారు, పాయింట్లు మార్చారు, చివరికి బ్యాటరీ కూడా మార్చారు. తోచిందల్లా విప్పి పారేయడాన్ని నేను వైద్యం అనను. వేడెక్కితే ఆగి, చల్లారితే నడిచే జబ్బుకు కారణాలు చాలా. కాయిల్ లోపలి చుట్ట వేడికి విడిపోవచ్చు. ఎండాకాలం పెట్రోలు పైపులోనే ఆవిరై పంపుకు అందకపోవచ్చు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. విడదీసి చెప్పాలంటే బండి ఆగిన ఆ క్షణంలోనే చూడాలి.

"ఆగినప్పుడే పట్టాలె సార్. నడిచేటప్పుడు చూస్తే ఏం దొరకది" అన్నాడు ఉస్తాద్.

కాయిల్‌లోకి కరెంటు వచ్చే మొన దగ్గర నా తీగ బిగించి, బానెట్ అంచు కిందుగా బయటికి తీసి, కిటికీలోంచి లోపలికి లాగి, నన్ను డ్యాష్‌బోర్డు మీద టేపుతో అంటించాడు. బండి ఆగినా నేను వెలుగుతూ ఉంటే కాయిల్ దాకా కరెంటు సవ్యంగా వస్తున్నట్టు. అప్పుడు కాయిల్‌నో, పాయింట్లనో, పెట్రోలునో చూడాలి. నేనూ ఆరిపోతే జబ్బు కాయిల్‌కు ఇవతలే.

గ్రీన్‌ల్యాండ్స్ దాటేదాకా నిండుగా వెలిగాను. పంజాగుట్టలో మెట్రో స్తంభాల కింద బళ్లు ఇరుక్కున్నాయి, ఇంజను వేడెక్కింది. ముందు ఎర్రబడ్డాను, ఒకసారి మిణుకుమన్నాను, ఆరిపోయాను. నాతోపాటే ఇంజనూ ఆగింది. వెనకాల హారన్లు మోగుతున్నా ఉస్తాద్ తాళంచెవి ముట్టుకోలేదు. డ్యాష్‌బోర్డులో ఛార్జింగ్ ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. అంటే తాళంచెవి స్విచ్చి దాటి కరెంటు వస్తోంది. నా తీగను కాయిల్ దగ్గర విప్పి, పెడళ్ల వైపు తల దూర్చి, స్విచ్చి నుంచి కాయిల్‌కు వెళ్లే తెల్ల తీగ వెంట ఊచను జరుపుకుంటూ పోయాడు. దారిలో ఒక అతుకు. దానికి ఇటు వెలిగాను, అటు వెలగలేదు. అతుకును వేళ్లతో నొక్కగానే నిండుగా వెలిగాను.

షెడ్డుకు చేరాక తొడుగు చీరితే రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అప్పుడు చెప్పారు ఇంజనీరు గారు: 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన కురిసిన రోజు, సీట్ల మీదికి నీళ్లెక్కేదాకా ఈ కారు వరదలోనే నిలబడిందట. ఆ నీరు పోగుల సందుల్లోంచి తొడుగు లోపలికి పాకి ఏళ్ల తరబడి రాగిని తిన్నది. వేడికి అతుకు కాస్త వదులయ్యేది, చల్లారితే మళ్లీ తగిలేది.

ఉస్తాద్ మెలిపెట్టి టేపు చుట్టలేదు. మెరిసే రాగి కనిపించేదాకా కోసి, అంతే లావు తెల్ల తీగే వేసి టంకం పెట్టాడు. లూకాస్ పద్ధతిలో ఇగ్నిషన్‌కు తెలుపు, బ్యాటరీ నుంచి వచ్చేదానికి గోధుమ రంగు. వేరే రంగు వేస్తే రేపు ఈ డ్యాష్‌బోర్డు కింద పడుకునేవాడికి దారి తెలియదు.

తర్వాత నన్ను బ్యాటరీ మైనస్‌కూ ఇంజను ఇనుముకూ మధ్య కట్టి సెల్ఫ్ కొట్టాడు. అక్కడ నేను వెలగకూడదు. కానీ సన్నగా ఎర్రబడ్డాను. ఇంజను కూర్చునేది రబ్బరు దిమ్మల మీద, అందుకే దాన్ని బాడీతో కలపడానికి జడలా అల్లిన రాగి పట్టీ ఉంటుంది. అది సగం తెగింది. సెల్ఫ్ లాగే కరెంటు వేరే దారి వెతుక్కుని చోక్ తీగ మీదుగా పోతోంది. ఆ తీగను పట్టుకుని చూసి, "అమ్మో, కాలుతోంది" అన్నారు ఇంజనీరు గారు. పట్టీ మార్చాక సెల్ఫ్ కొడితే నేను చీకటిగానే ఉన్నాను.

కంప్యూటరున్న కొత్త కార్ల దగ్గరికి ఉస్తాద్ నన్ను పోనివ్వడు. నేను లాగే కరెంటుకు అందులోని సున్నితమైన సర్క్యూట్లు కాలిపోవచ్చు. అక్కడ మీటరుదే పని, అదే న్యాయం.

ఇంజనీరు గారి బండి డిక్కీలో గుడ్డ చుట్టి పడేసిన పాత కాయిల్ ఉంది. ఉస్తాద్ దాన్నే మళ్లీ బిగించి, నన్ను డ్యాష్‌బోర్డు మీద ఉంచే, మిట్టమధ్యాహ్నం పంజాగుట్ట మీదుగా అమీర్‌పేట మైత్రీవనం దాకా తిప్పాడు. ఎక్కడా ఆగలేదు. "కాయిల్ మంచిదే సార్. కొత్తది స్పేర్ ఉంచుకోండ్రి" అన్నాడు.