అప్పుడు పాత కట్టె, ఇప్పుడు యాంటిక్

పాత మంచం కొనడానికి రాచర్ల నుంచి హైదరాబాదు పోవాలట! మా మనవడి మాట ఇది. మా రోజుల్లో పాత మంచాన్ని కొనేవాడూ లేడు, అమ్మేవాడూ లేడు. అది ఇంట్లో ఉండేది, అంతే. జేజినాయన పండుకున్న మంచం మీద నాయన, నాయన తర్వాత కొడుకు. దానికి ధర ఎంతని ఎవడన్నా అడిగుంటే పిచ్చోడనుకునేవాళ్ళం.

మాది ఇంకా కర్నూలు జిల్లాగా ఉన్న రోజులు, అంటే 1970లో ఒంగోలు జిల్లాలో కలపకముందు సంగతి చెబుతున్నా. ఇంట్లో పెళ్ళి కుదిరితే తప్ప కొత్త మంచం ఊసే వచ్చేది కాదు. నల్లమల మా కళ్ళెదుటే. టేకుకు ఏ గుణం, ఏగిసకు ఏ గుణం, నల్లమద్ది ఎంత బరువు, అన్నీ పిల్లోళ్ళక్కూడా తెలుసు. దుంగ ఇంటికొచ్చినా వడ్రంగి ఆచారి వెంటనే చెయ్యి పెట్టేవాడు కాదు. ‘ఒక వాన తిననీ, ఒక ఎండ తిననీ’ అని పక్కన పడేయించేవాడు. పచ్చిమీద కోస్తే రేపు పట్టె మెలిక తిరుగుతుంది. బాగా ఆరినాక తెల్లచెక్కంతా తీసేసి, చేవ మాత్రమే ఉంచి, బాడిసెతో చెక్కి, చిత్రిక పట్టేవాడు. పట్టె కొసన కుసి తీసేవాడు. కోడుకు బెజ్జం తొలిచేవాడు. కుసి చేత్తో తోస్తే పోకూడదు, కొడతి దెబ్బకే దిగాలి. మొత్తం మంచంలో ఒక్క ఇనుప మేకు ఉండేది కాదు. నవారు లాగి అల్లేకొద్దీ పట్టెలు కోళ్ళలోకి ఇంకా బిగుసుకునేవి. అంటే మనిషి పండుకునేకొద్దీ మంచం గట్టిపడేదన్నమాట. ఇప్పటి మంచాలు మనిషి అటు దొర్లితే ఇటు కిర్రుమంటాయి.

ఆచారికి ఏడాదికోసారి కళ్ళంలో మేరగా గింజలు కొలిచేవాళ్ళం. నాగలి చెడినా, తలుపు కుంగినా ఆయనే వచ్చి చూసుకునేవాడు. గ్యారంటీ కార్డు లేదు, టోల్ ఫ్రీ నంబరూ లేదు. పని చెడితే రచ్చబండ దగ్గర నలుగురిలో అడిగేవాళ్ళం, అదే గ్యారంటీ.

మరి ఆ సామానంతా ఏమైంది? చెబుతా. మా వైపు ఇళ్ళన్నీ మట్టి మిద్దెలు. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద పేళ్ళు పరిచి మట్టి, ఆ పైన చౌడు. వానాకాలం ముందు ఏటా కొత్త చౌడు పోసుకోకపోతే ఇల్లంతా కారుతుంది. చౌడు తెచ్చే బండీ పోయింది, మిద్దెక్కి దాన్ని సర్దే మనిషీ పోయాడు. సిమెంటు స్లాబు వచ్చింది. స్లాబు కోసం మిద్దె పడగొడితే దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు అన్నీ వీధిలో పడ్డాయి. అన్నదమ్ములు భాగాలు పంచుకునేటప్పుడు భోషాణాన్ని ఎవరు తీసుకోవాలి? అది కొత్త ఇంటి తలుపులోంచి పట్టదు. ఇక మిగిలిన దారి వీధిలో మైకు పెట్టుకుని తిరిగే బండివాడే. పాత తలుపులు, పాత మంచాలు, ఇత్తడి, ఇనుము కొంటాం అని అరుచుకుంటూ వచ్చేవాడు. తూకం వేసి పట్టుకుపోయేవాడు. చేవ తేలిన ఏగిస స్తంభాన్ని పొయ్యిలో కట్టె ధరకు! కొందరికి డబ్బు కూడా కాదు, బదులుగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆ కుర్చీలు మూడో ఎండాకాలానికే కాళ్ళు విరిగి దిబ్బ మీదికి చేరాయి. బండివాడు తీసుకుపోయిన స్తంభం మాత్రం ఇప్పుడు ఏ రిసార్టులోనో నిలబడి ఉంటుంది, అనుమానం లేదు.

సరే, మనవడు రమ్మన్నాడని పోయినా. హైదరాబాదులో గురువారం గురువారం పెట్టే జుమ్మేరాత్ బజారు అది, పురానాపూల్ దగ్గర. నేలమీద పరిచిన సామాన్లు చూస్తే మా ఊరే బస్సెక్కి అక్కడ దిగినట్టుంది. చెక్క పీటలు, వాలు కుర్చీలు, ఇత్తడి బిందెలు, లాంతర్లు, కిటికీ రెక్కలు. ఒకచోట చెక్క చట్రం పలక కూడా పెట్టారు. మార్కాపురం పలకే అయ్యుంటుంది. దేశంలో చాలామంది బళ్ళో బలపంతో దిద్దింది మా పక్క తవ్విన రాయి మీదే మరి. మేం చంకలో పెట్టుకుని పోయిన పలక మీద ఇప్పుడు హోటళ్ళవాళ్ళు ‘ఈరోజు స్పెషల్’ రాసుకుంటారట.

ఇరానీ హోటళ్ళలో ఉండే వంపు కుర్చీలు కూడా ఉన్నాయి. వాటిని చూస్తే నాకు గౌరవమే. వియన్నాలో థోనెట్ అనే కంపెనీ 1859లో బీచ్ కర్రను ఆవిరిలో మెత్తబరచి, వంచి తయారుచేసిన నమూనా అది. ముక్కలుగా విప్పి పెట్టెలో సర్ది ఓడలెక్కించారు. విడిభాగాలు ఇంటికి తెచ్చి బిగించుకోవడం తామే కనిపెట్టినట్టు మాట్లాడే ఈ కాలం పిల్లలు ఆ కుర్చీ అడుగున ఒకసారి చెయ్యి పెట్టి చూడాలి.

అసలు గొడవ భోషాణం దగ్గర వచ్చింది. మనవడు దాన్ని చూసి మురిసిపోయాడు. నల్లగా నిగనిగలాడుతోంది, మూలలకు ఇత్తడి బందులు. అంగడాయన ‘నవాబుల కాలంది సార్, వందేళ్ళు దాటింది’ అన్నాడు. ధర అయిదంకెల్లో చెప్పాడు. నేను కూలబడి మూత తెరిచి లోపల చెయ్యి పెట్టినా. బందులు బిగించిన మరల తలకాయల మీద కూడిక గుర్తు లాంటి గాడి ఉంది. ఆ రకం మరకు ఫిలిప్స్ అనే అమెరికావాడు పేటెంటు పుచ్చుకున్నది 1936లో. మన ఆచారుల చేతికి వచ్చింది ఇంకెప్పటికో. పాత పెట్టెకు తర్వాత మరమ్మతు చేశారనుకుందామా అంటే, అడుగున ప్లైవుడ్. మూలల్లో కుసి లేదు, జిగురు పూసి మేకులు కొట్టారు. పైన నలుపు రంగుదే, వయసుది కాదు. చేతులు తగిలి తగిలి వచ్చే నునుపు గడియ దగ్గరా, మూత అంచు దగ్గరా ఉంటుంది. దీనికి నాలుగు వైపులా ఒకే తీరు మెరుపు. ‘ఇది నీకంటే చిన్నది నాయనా, కొనొద్దు’ అన్నా. అంగడాయన నన్నొక చూపు చూసి పక్క బేరానికి తిరిగాడు. మనవడికి సిగ్గేసిందట! మోసపోతే సిగ్గు లేదు, అడుగున చూస్తే సిగ్గు.

అసలు సరుకు లేదని కాదు. తమిళనాడులోని కారైకుడిలో మునీశ్వరన్ గుడి వీధిలో చెట్టియార్ల మేడలు విప్పిన బర్మా టేకు సామాను అమ్మే అంగళ్ళు వరసగా ఉన్నాయి. పాతవాటిలా కనిపించే కొత్తవాటిని జోధ్‌పూర్‌లో చేసి విదేశాలకు పంపుతారు, అదీ ఒక వ్యాపారమే, తప్పేం లేదు, కొత్తదని చెప్పి అమ్మితే. 1972 నాటి చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉండి వందేళ్ళు నిండిన వస్తువే పురావస్తువు, దాన్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ఈ ‘వింటేజ్’ అనే మాటకు ఆ చట్టంలో లెక్కేమీ లేదు. నిరుటిదాన్నయినా వింటేజ్ అనొచ్చు, అడిగేవాడు లేడు.

కొన్నవాళ్ళు వాటిని ఏం చేస్తున్నారో చూస్తే ఇంకా మండుతుంది. భోషాణం మీద అద్దం పెట్టి కాఫీ బల్ల. ద్వారబంధాన్ని పడుకోబెట్టి అన్నాల బల్ల. రోట్లో మనీప్లాంటు. బండి చక్రం గోడకు వేలాడుతుంది, దానికి దీపాలు చుట్టారు. ఎడ్లు చూస్తే ఏమనుకుంటాయో. అదే ఇంట్లో బట్టల అలమారా మాత్రం 2018లో హైదరాబాదులో తెరిచిన ఐకియాది. రంపపు పొట్టు జిగురుతో అదిమిన చెక్క. నీళ్ళు తగిలితే అప్పడంలా ఉబ్బుతుంది. ఇల్లు మారేటప్పుడు ఒకసారి విప్పి బిగిస్తే మరకు పట్టు దొరకదు. మా పట్టెమంచం ఎన్ని ఇళ్ళు మారిందో, ఎన్నిసార్లు విప్పి బిగించామో లెక్కే లేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను గొప్పలు పోను. నల్లులు. ఆ కుసుల సందుల్లో, నవారు మడతల్లో కాపురం పెట్టేవి. ఎండలో వేసి, మరిగే నీళ్ళు పోసి, కిరసనాయిలు పూసినా మళ్ళీ హాజరు. వింటేజ్ మంచం కొనేవాళ్ళు వింటేజ్ నల్లులు కూడా వస్తున్నాయేమో చూసుకోండి, అవి ధరలో కలిపినవే.

మా రాచర్లలో, గిద్దలూరు, కొమరోలు, బేస్తవారిపేట పల్లెల్లో మట్టి మిద్దెలు ఇంకా కొన్ని నిలిచే ఉన్నాయి. అటకల మీద ఊయలబల్లలు, కొట్టంలో గేదెల పక్కన పడేసిన కోళ్ళు, పట్టెలు ఉన్నాయి. ఇల్లు పడగొట్టేముందు బండివాణ్ణి కాదు, ఆచారిని పిలిపించండి. తుడిచి, సడలిన కుసికి చీలిక వేసి, నవారు మార్పిస్తే కొత్తమంచం ఖర్చులో కొంతే అవుతుంది. అయినా అమ్ముతామంటారా, అమ్మండి, మీ ఇష్టం. తూకానికి మాత్రం ఇవ్వకండి. పట్నంలో ఉన్న మీ పిల్లలకు ఫోటో పంపి అక్కడ దాని ధరెంతో కనుక్కుని, ఆ తర్వాతే బండి ఆపండి.