థింసా సంచికకు వీణ బొమ్మ

సంగీత పత్రికకు ముఖచిత్రం మార్చడమంటే తెలుగునాట చాలాకాలంగా ఒకటే పని: వీణను ఎడమ మూల నుంచి కుడి మూలకు జరపడం. సంచిక త్యాగరాజ ఆరాధన మీదైనా, సినిమా పాట మీదైనా, ఆఖరికి అరకు లోయ గిరిజనుల థింసా నృత్యం మీదైనా వీణ మాత్రం అట్ట దిగదు. థింసాలో వీణ లేదు. మోరి ఉంది, కిరిడి ఉంది, తుడుము ఉంది, డప్పు ఉంది, జోడుకొమ్ములు ఉన్నాయి. ఇన్ని ఉండగా, లేనిదాన్ని వెతికి తెచ్చి కూర్చోబెట్టడానికి మామూలు ప్రతిభ చాలదు.

వీణ అట్టకెక్కిన దారి తెలుసుకోదగ్గదే. రవివర్మ 1890లలో సరస్వతిని చిత్రించాడు. ఆయన పెట్టిన అచ్చుకూటం పుణ్యమా అని దేవతలంతా పటాలై ఇళ్ల గోడలకెక్కారు. గోడల నుంచి క్యాలెండర్లకు, అక్కడి నుంచి సంగీత పాఠశాలల బోర్డులకు, పెళ్లి శుభలేఖలకు, పత్రికల అట్టలకు వీణ ప్రయాణం సాగింది. దారిలో కొన్ని తీగలు తెగాయి. అసలు వీణకు 24 మెట్లు, 7 తీగలు. అందులో నాలుగు వాయించడానికి, మూడు తాళానికి. అట్ట మీది వీణకు ఎన్ని తీగలుండాలన్నది గీసినవాడి ఓపికకు సంబంధించిన విషయం. పైగా బొమ్మలోని మనిషి పేజీ లోపలికి చూడాలని డిజైనర్లకు ఒక నియమం. కంప్యూటర్లో ఒక్క నొక్కుతో బొమ్మ అటుది ఇటవుతుంది. అదే నొక్కుతో సరస్వతీదేవికి ఎడమచేతివాటం వస్తుంది. మెట్ల మీద ఉండాల్సిన చెయ్యి మీటుతుంది, మీటాల్సిన చెయ్యి మెట్లెక్కుతుంది. వైణికులు మండిపడి ఉత్తరాలు రాస్తారు. ఉత్తరాలు అచ్చవుతాయి. మరుసటి నెల వీణ సరిగానే ఉంటుంది, హంస మాత్రం వెనక్కి నడుస్తుంది.

వీణ పక్షం వారికి ఒక వాదన కూడా ఉంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మాను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. కుండా దండీ అతుకు లేకుండా ఒకే మానులోంచి వస్తాయి. అరకు కొండల్లోనూ పనస చెట్లున్నాయి. కాబట్టి వీణ కొండ వాద్యమే, లేదా కనీసం కొండకు మేనత్త వరస. ఈ లెక్కన పనస చెక్కతో చేసిన తలుపులకూ పీటలకూ కూడా ముఖచిత్రం మీద హక్కుంటుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూరకైతే మరీను. అది అట్ట మీద ఉంటే వీణ కన్నా నాలుగు ప్రతులు ఎక్కువే అమ్ముడుపోతాయని ఒప్పుకోక తప్పదు. అయినా కూర వేసిన సంగీత పత్రిక ఇంతవరకు రాలేదు. వీణకు ఉన్న పలుకుబడి అలాంటిది.

వీణను ఎలాగో దించాక మిగిలేది ఫోటో. కష్టం అక్కడే మొదలవుతుంది. ఏ4 సైజు పత్రిక 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే నిలువు. థింసా అడ్డం. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని బారుగా నిలబడి అడుగులేస్తారు. దూరం నుంచి తీస్తే బారంతా పడుతుంది గానీ ముఖాలు కనబడవు, పైన బోలెడంత ఆకాశం మిగులుతుంది. ఆ ఆకాశంలో శీర్షికలు వేసుకోవచ్చని సంపాదకులు సంతోషిస్తారు. దగ్గర నుంచి తీస్తే నలుగురే పడతారు. నవ్వుతున్న నలుగురిని ఉంచి తక్కినదంతా కత్తిరించడం ఆనవాయితీ. ఆ కత్తిరింపులో అందరికన్నా ముందు పోయేవాడు ఓ పక్కన నిలబడి మోరి ఊదుతున్న పెద్దాయన. నిజానికి అడుగు నడిచేది ఆయన ఊపిరి మీద. తీరా పత్రిక చేతికొచ్చేసరికి సంగీత సంచిక అట్ట మీద చీరలుంటాయి, పూసలుంటాయి, కొండలుంటాయి. సంగీతం ఒక్కటే ఉండదు.

దీనికి మందు థింసాలోనే ఉంది. బారు ఎల్లకాలం తిన్నగా ఉండదు, మెలికలు తిరుగుతుంది. గట్టెక్కి పైనుంచి తీస్తే ఆ మెలిక నిలువు పేజీలో చక్కగా ఇముడుతుంది, వాద్యాల వాళ్లూ కత్తెరకు అందకుండా లోపలే ఉంటారు. థింసాలు అన్నీ ఒకటి కావు కూడా. బోడ థింసా ఊరి దేవతకు, పోతర్ తోల ఆకులు ఏరే పనికి, బాగ్ థింసా పులి మీద పడిన రోజుకు. కుండ థింసాలో భుజాలతో తోసుకుంటారు. నాటికారి ఒక్కరే ఆడేది. గట్టెక్కడానికి బద్ధకించే ఫోటోగ్రాఫర్లకు అదే ప్రాణం, నిలువు పేజీ కోసమే పుట్టినట్టుంటుంది.

వాద్యం లేకుండా సంగీత పత్రిక నడవదా అంటే, నడిచింది. 1967లో ‘రోలింగ్ స్టోన్’ తొలి సంచిక మీద జాన్ లెనన్ గిటారుతో కాక సైనికుడి శిరస్త్రాణంతో కనిపించాడు. అది ఆయన నటించిన సినిమాలోని ఫోటో. బ్లూ నోట్ కంపెనీ జాజ్ రికార్డులకు 1950, 60లలో వందల కొద్దీ అట్టలు చేసిన రీడ్ మైల్స్‌కు జాజ్ అంటే పెద్ద ఇష్టం లేదు, ఆయన వినేది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. అయినా ఆ పాట ఎలా ఉంటుందో విన్నవాళ్లను అడిగి తెలుసుకుని, ఒకటి రెండు రంగులతో, అక్షరాలను ఎగరేసి, వంచి, పనిచేశాడు. అరకు మీద అట్ట చేసేవాళ్లు సాధారణంగా అడిగేది హోటల్ గది అద్దె.

ఇక రంగు. అరకు అనగానే పసుపు. వలిసె పూల తోటలో నిలబడి తీసుకోని ఫోటో ఫోటో కాదని పర్యాటకుల నమ్మకం, ఆ నమ్మకం పత్రికలకూ అంటుకుంది. వలిసెలు పూసేది కార్తీక మార్గశిరాల్లో. ఇటుకల పండుగ, దాంతోపాటు థింసా జోరు, చైత్రంలో. అప్పటికి తోటలో పువ్వు కాదు కదా మొక్క కూడా ఉండదు. కంప్యూటర్ ఉన్నచోట పంచాంగానికి దిక్కెవరు? చైత్ర థింసా వెనక కార్తీకపు పూలు విరగబూస్తాయి. చైత్రంలోనే వెళ్లినవాళ్లకు అంతకన్నా మంచి దృశ్యం అడగకుండానే దొరుకుతుంది. రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, ఆడవాళ్లు ఆడుతూ పాడుతూ వచ్చేపోయే బళ్లను ఆపి పజోరు పేరిట డబ్బు వసూలు చేస్తారు. పత్రిక వాళ్ల కారూ ఆగుతుంది. కానీ ఆ డబ్బును ఏ పద్దు కింద రాయాలో లోపల కూర్చున్నవాళ్లకు తోచదు. ఆ చర్చ తేలేలోగా దృశ్యం దాటిపోతుంది.

పత్రిక పేరుకు అక్షరాలు ఎంచడం తేలిక. అందరూ బాపు రాత లాంటి ఫాంటే ఎంచుతారు. అది అందమైనదే గానీ, కన్ను దాన్ని పెళ్లి శుభలేఖల మీద చూసీ చూసీ ముహూర్తం ఎప్పుడా అని వెతుకుతుంది. తుడుము దెబ్బకు కాస్త మొరటైన, మందమైన అక్షరం నప్పుతుంది.

ఫోటో కింద వేసే పేర్ల దగ్గర మాత్రం హాస్యం చాలదు. కచేరీ ఫోటో అయితే విద్వాంసుడి పేరు, గురువు పేరు, మృదంగం ఎవరు, వయొలిన్ ఎవరు, అన్నీ పడతాయి. ఒక్క పొల్లు తప్పినా మరుసటి నెల సవరణ వస్తుంది. కొండ ఫోటో కింద పడేది ‘అరకు గిరిజన మహిళలు’. ఫోటో తీసినవాడి పేరు అంచున చిన్న అక్షరాల్లో ఉంటుంది. మోరి ఊదినవాడికి ఆ చిన్న అక్షరాలు కూడా దక్కవు. ఆయనకు పేరు లేక కాదు, పక్కనే నిలబడి ఉంటే ఎవరూ అడగక. ముఖచిత్రానికి కొత్త రూపం ఇవ్వడంలో పైసా ఖర్చు లేని మార్పు ఇదొక్కటే. వాయిదా పడుతూ వచ్చిందీ ఇదే.

చివరగా వెనక అట్ట. ముందు అట్టా వెనక అట్టా కలిపి పరిస్తే పేజీ అడ్డమవుతుంది, థింసా బారు మొత్తం కత్తెర పడకుండా సరిపోతుంది. ఎవరికైనా తోచే ఉపాయమే. కానీ వెనక అట్ట ఏడాది పొడవునా బంగారు నగల దుకాణానికి అమ్ముడై ఉంటుంది. అంచేత బారు ముందు అట్టలోనే మెలిక తిరగాలి. అచ్చుకు పంపేముందు అంచులు సరిచూసుకోవాలి. పత్రికను కోసేటప్పుడు చుట్టూ సుమారు 3 మిల్లీమీటర్లు పోతుంది. జోడుకొమ్ముల కొనలు, వాటిని ఊదేవాళ్లు ఆ మూడు మిల్లీమీటర్లలో పడకూడదు.